వాలంటీర్ల కోసం ప్రార్థించే ముందు వాళ్ల సంగతి కనుక్కోండి

తమ్ముడూ, వందనాలు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ సంఘంలో యూత్ 18 మంది కలిసి వేసవిలో విబిఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి) నడుపుతున్నారు, మిగతా రోజుల్లో కాలనీ పిల్లలకి సాయంత్రం ట్యూషన్ చెబుతున్నారు, వానలకి ఎక్కడైనా ఇబ్బందైతే భోజనం పొట్లాలు కట్టి పంచుతున్నారు. ఈ ఏడాది వాళ్లలో 6 మంది మానేశారు. "పోయిన ఏడాది అందరికీ మెమెంటోలు ఇచ్చాం, ఆదివారం ఆరాధనలో అందరి కోసం ప్రార్థన కూడా చేయించాం. ఇంకేం చేస్తే వాళ్ల కష్టాన్ని గుర్తించినట్టు అవుతుంది? అసలు వాళ్ల కోసం ఎలా ప్రార్థించాలి?" అని అడిగారు.

గుంటూరు వైపు 26 వేసవులు విబిఎస్ చూసుకున్నదాన్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను. మీరు వాళ్లని గుంపుగా మెచ్చుకున్నారు, గుంపుగానే ప్రార్థించారు. ఒక్కొక్కళ్ల మీద ఏం బరువుందో ఎవరూ అడగలేదు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఒక పిల్ల నాకు నేర్పింది.

మా దగ్గర ఏప్రిల్, మే అంటే మిరప పని. తల్లులు తెల్లారకముందే తొడిమలు తీయడానికి వెళ్లిపోతారు, పిల్లలు వీధిలో ఉంటారు. అసలు విబిఎస్ పుట్టిందే ఇలాంటి పిల్లల కోసం. 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆవిడ, వీధుల్లో తిరిగే పిల్లల్ని చూసి ఉండలేక, చోటు దొరక్క ఒక బీరు దుకాణం హాలు అద్దెకి తీసుకుని బైబిలు బడి పెట్టింది. మా యూత్ కూడా ఆ భారంతోనే వచ్చేవాళ్లు. ఆ ఏడాది పది రోజులు బ్రహ్మాండంగా జరిగింది. ఆఖరి రోజు స్టేజీ కట్టాం. వచ్చిన ప్రసంగీకుడికి శాలువా, బిర్యానీ ఇప్పించిన దాతకి శాలువా, షామియానా ఉచితంగా వేసినాయనకి శాలువా. చివర్లో మైకులో నేనే చెప్పాను, "మన యూత్ అందరికీ గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి" అని. కొట్టారు. ప్రార్థనతో ముగించాం.

సాయంత్రం నాలుగింటికి లెక్క చూసుకోవడానికి వెనక్కి వెళ్తే, డేగిసాల పక్కన బోర్లించిన బకెట్టు మీద ఒకమ్మాయి కూర్చుని తింటోంది. విస్తరాకులో అడుగంటిన అన్నం, కాస్త పెరుగు చట్నీ. ముక్క ఒక్కటీ లేదు. వేళ్లకి స్కెచ్ పెన్నుల రంగు ఇంకా వదల్లేదు, పది రోజుల చార్టులన్నీ ఆ పిల్ల రాత్రుళ్లు కూర్చుని వేసినవే. "ఇప్పుడా తినేది?" అన్నాను. "గ్లాసులు కడిగేసరికి ఆలస్యమైంది అక్కా, పర్లేదు. బస్సుకి టైముంది. రేపు పొద్దున పరీక్ష ఉంది, ఇంటికెళ్లి చదువుకోవాలి" అంది.

నాకు ఆ మాటకి గొంతు పట్టేసింది. పది రోజులూ పొద్దున ఏడింటికి నిలబడి "ప్రభువా, వాలంటీర్లని దీవించు" అని ప్రార్థించాం. ఆ పిల్లకి పరీక్ష ఉందని ఒక్కరికీ తెలియదు. తెలిస్తే ఆ గ్లాసులు ఆమె చేత కడిగించేవాళ్లమా? చార్టులు ఇంకొకరికి పంచేవాళ్లం కాదా? మరుసటి ఏడాది ఆమె రాలేదు. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు.

మన సంఘాల్లో ఒక మాట ఉంది, మీకూ ఎవరో చెప్పే ఉంటారు: "సేవ చేసేవాడు మనుషుల మెప్పు కోరకూడదు, దేవుడే ప్రతిఫలం ఇస్తాడు." ఈ మాట నిజమే. కానీ అది సేవ చేసేవాడు తనకి తాను చెప్పుకోవాల్సిన మాట. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పింది ధర్మం చేసేవాడితో. పక్కన ఉండి చూసేవాళ్లు చూడనట్టు ఉండమని ఎక్కడా చెప్పలేదు. మనం మాత్రం ఆ వాక్యాన్ని అడ్డం పెట్టుకుని బస్సు చార్జీ కూడా ఇవ్వకుండా తప్పించుకుంటున్నాం. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

బైబిల్లో రోమా పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, దాని 16వ అధ్యాయం ఈసారి యూత్ కూటంలో నిదానంగా చదవండి. పేర్ల జాబితా అని చాలామంది దాటేస్తారు. పౌలు అక్కడ 20 మందికి పైగా మనుషులకి పేరు పెట్టి వందనాలు చెబుతాడు. "రోమాలో ఉన్న సేవకులందరికీ" అని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. మరియ మీ కోసం చాలా ప్రయాసపడింది అంటాడు. ప్రిస్కిల్ల, అకుల తన ప్రాణం కోసం మెడలు ఒడ్డారంటాడు. రూఫు తల్లి తనకీ తల్లేనంటాడు, అంటే ఆవిడ ఎప్పుడో ఇంత అన్నం పెట్టి ఉంటుందని నేను అనుకుంటాను. ఎవరు ఏం చేశారో ఆయనకి విడివిడిగా గుర్తుంది. ఆ పత్రిక చేత్తో రాసిపెట్టిన తెర్తియు కూడా మధ్యలో తన పేరుతో ఒక వందనం చెప్పుకున్నాడు, దాన్నీ ఎవరూ కొట్టేయలేదు.

ఆ పిల్ల మానేసిన తర్వాత నేను మొదట చేసిన పని ఒక పొడుగు నోటుబుక్కు కొనడం. వాలంటీరుకి ఒక పేజీ. పైన పేరు, కింద మూడు సంగతులు: ఈ నెలలో వీళ్ల ఇంట్లో ఏం జరుగుతోంది, మన పనిలో వీళ్లకి ఏది కష్టంగా ఉంది, ఈ వారం నేను కళ్లారా చూసిన ఒక మంచి పని. మూడోది రాయాలంటే చూడాలి కదా, అక్కడే నా పద్ధతంతా మారింది. శనివారం సాయంత్రం పేజీలు తిరగేస్తే కొన్ని ఖాళీగా ఉండేవి. వీళ్లని ఈ వారం నేను చూడనేలేదని అర్థమయ్యేది. ఆదివారం ముందు వాళ్ల దగ్గరికే వెళ్లేదాన్ని.

మెచ్చుకోవడం అప్పటినుంచి తేలికైంది. "చాలా బాగా చేశావమ్మా" అంటే వినేవాళ్లకి అది అలవాటైన మాట, చెవిలో నిలవదు. "మంగళవారం ఆ చిన్నవాడు ఏడుస్తుంటే పాట ఆపకుండానే వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నావు, నేను చూశాను" అంటే ఆ అబ్బాయి మొహం చూడాలి. స్టేజీ మీద చెప్పక్కర్లేదు. చెప్పులు వేసుకునే చోట నిలబడి చెప్పినా చాలు.

ఇంకొకటి, దీనికి రూపాయి ఖర్చు లేదు: వాళ్ల అమ్మానాన్నలకి ఫోన్ చేయండి. మన దగ్గర ఆడపిల్ల ట్యూషన్ చెప్పి ఏడున్నరకి ఇంటికెళ్తే ఇంట్లో గొడవ. మగపిల్లాడైతే "చర్చి చుట్టూ తిరిగితే ఉద్యోగం వస్తుందా" అని తండ్రి అంటాడు. సంఘం తరఫున ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, "అన్నయ్యా, మీ అమ్మాయి దగ్గర చదివిన పిల్లాడు ఇప్పుడు ఎక్కాలు గడగడా చెబుతున్నాడు, మీరు పంపిస్తున్నారు కాబట్టే" అంటే ఆ ఇంట్లో ఆ రాత్రి వాతావరణం వేరుగా ఉంటుంది. ఒక తండ్రి నాకు తిరిగి ఫోన్ చేసి, ఇకనుంచి రాత్రిపూట తనే వచ్చి కూతుర్ని తీసుకెళ్తానన్నాడు. నాలుగేళ్లు తీసుకెళ్లాడు.

ఇక ప్రార్థన. ముందు అడగండి, తర్వాత ప్రార్థించండి. "నీకోసం ఈ వారం ఏమని ప్రార్థించమంటావు?" అని అడిగితే మొదటిసారి అందరూ "ఏం లేదక్కా, అంతా బాగానే ఉంది" అంటారు. రెండోసారీ అదే అంటారు. మూడోసారి నెమ్మదిగా చెబుతారు: ఫీజు కట్టలేదని, అన్నయ్య మాట్లాడడం లేదని, పిల్లలకి కథ చెప్పేటప్పుడు కాళ్లు వణుకుతాయని. చెప్పింది రాసుకోండి, ప్రార్థించండి, మళ్లీ వారం "అదేమైంది?" అని అడగండి. ఈ చివరిది మర్చిపోతే మొదటి రెండూ నీళ్లపాలే.

మా సంఘంలో స్త్రీల సమాజం పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక వాలంటీరుని ప్రార్థించడానికి తీసుకున్నారు. చదువు రాని ఒక పెద్దమ్మకి మెకానిక్ షాపులో పనిచేసే కుర్రాడి పేరు వచ్చింది. పేరు రాసుకోవడం రాదు కాబట్టి ఆవిడ కొంగుకి ముడేసుకుంది. ప్రతి ఆదివారం గేటు దగ్గర అతన్ని ఆపి, "నీ చెయ్యి కాలింది మానిందా నాయనా? నాకు చూపించు" అనేది. అతను చెయ్యి చాపి చూపించేవాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు, యూత్‌లో అందరికంటే దూకుడు మనిషి, ఆవిడ ముందు చిన్నపిల్లాడిలా నిలబడేవాడు. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో అతనొకడు.

ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది ముఖ్యం. వాళ్లు మీకు చెప్పుకున్నది మైకులో ప్రార్థించకండి. "తండ్రీ, ఈ సహోదరుని నాన్నగారి తాగుడు మాన్పించు" అని నిండు సంఘంలో ప్రార్థించిన వాళ్లని నేను చూశాను. ఆ కుర్రాడు తల దించుకుని అలాగే బయటికి వెళ్లిపోయాడు. వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశాలు పెట్టేటప్పుడు కూడా అంతే. ఇంటి సంగతులు, పెళ్లి సంగతులు, జబ్బులు వాళ్లు సరేనంటేనే బయటికి రావాలి. సంఘం ముందు ప్రార్థించాల్సింది వాళ్ల పని గురించి, అదీ పేరు పెట్టి.

ఎలా ఉంటుందో ఒకటి రాస్తాను, ఇందులో పేర్లూ సంగతులూ మీవి పెట్టుకోండి:

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం. రోజూ ఐదింటికి తలుపు తీసి చాపలు పరిచే ఈ బిడ్డని నువ్వు చూస్తున్నావు, మేం చూడని రోజుల్లో కూడా చూశావు. పిల్లలు మాట వినని సాయంత్రాల్లో తనకి ఓర్పు ఇవ్వు. దారిలో రాకపోకల్లో కాపాడు. తన చదువు ఈ పని వల్ల వెనకపడకుండా, మేము తన మీద ఎక్కువ బరువు పెడుతుంటే అది మాకు తెలిసేటట్టు చెయ్యి. తను వద్దనుకున్న రోజు మాతో భయం లేకుండా చెప్పగలిగే ధైర్యం ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్."

"మేము ఎక్కువ బరువు పెడుతుంటే" అన్న మాట ఉండాలి. ఆ మాట వింటే పెద్దలు కూడా ఒక క్షణం ఆలోచిస్తారు.

పని మొదలుపెట్టే రోజు చేతులుంచి ప్రార్థించడం చాలా సంఘాల్లో ఉంది. పని అయిపోయిన వారం తర్వాత చేసేవాళ్లు తక్కువ. అప్పుడే వాళ్లకి అవసరం, ఎందుకంటే అలసట అంతా అప్పుడు బయటపడుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిల్లలు కూడా వెళ్లారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. నడుం లోతు మురికినీళ్లలో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు నెత్తిన పెట్టుకుని మేడలెక్కి ఇచ్చారు. తిరిగొచ్చాక ఫోటోలకి లైకులొచ్చాయి, సాక్ష్యాలు (దేవుడు తమకి ఎలా తోడున్నాడో సంఘం ముందు చెప్పుకోవడం) చెప్పించాం. పది రోజులకి ఒక కుర్రాడు ఆరాధనలో చెప్పులు విడవకుండా వెనక నిలబడ్డాడు. ఏంటని చూస్తే కాలివేళ్ల మధ్య చర్మమంతా పాసిపోయి ఊడి వస్తోంది. "డాక్టరు దగ్గరికి వెళ్లలేదా?" అంటే, "రెండొందలు తీసుకుంటాడక్కా" అన్నాడు. ఆ పొట్లాలకి సంఘం ఖర్చు చేసిన డబ్బులో మందుల కోసం ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టలేదు. ఆ తప్పు నాది, బడ్జెట్ రాసింది నేనే. అప్పటినుంచి ఏ సహాయానికి వెళ్లినా మొదటి లైనులో వాలంటీర్ల భోజనం, ప్రయాణం, మందులు రాస్తున్నాను. మీరూ అలాగే రాయండి. ఎవరైనా దాత "నా డబ్బు పేదలకే వెళ్లాలి" అంటే, ఆ కుర్రాడూ పేదవాడేనని మర్యాదగా చెప్పండి.

మోషే చేతులెత్తి ఉంచితే యుద్ధంలో ఇశ్రాయేలీయులు గెలిచారని, చేతులు బరువెక్కితే అహరోను, హూరు పట్టుకున్నారని అందరం చెబుతాం. వాళ్లు చేతులు పట్టుకోవడానికి ముందు ఒక రాయి తెచ్చి వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ రాయి గురించి ఎవరూ ప్రసంగించరు. కాలికి మందు, రాత్రికి బస్సు, ఆఖరున తినేవాళ్ల కోసం ముందే తీసిపెట్టిన నాలుగు ముక్కలు, ఇవన్నీ నాకు ఆ రాయిలాగే కనిపిస్తాయి.

మీ ప్రశ్నలో ఒక మాట రాశారు, పొట్లాలు పంచేటప్పుడు క్రైస్తవులు కాని స్నేహితులు కూడా వచ్చి సాయం చేస్తున్నారని. వాళ్లకి కూడా అదే గౌరవం, అదే భోజనం. వాళ్లకోసం ప్రార్థించాలనుకుంటే ముందు అడగండి, "మేము ప్రార్థించుకుంటాం, నీ పేరు చెప్పొచ్చా తమ్ముడూ?" అని. చాలామంది సంతోషంగా సరేనంటారు. వద్దంటే నవ్వి ఊరుకోండి. మనసులో చేసే ప్రార్థనని ఎవరూ ఆపలేరు. వాళ్ల చేత బలవంతంగా సాక్ష్యం చెప్పించడం మాత్రం చేయకండి.

ప్రార్థన వల్ల ఏమవుతుంది, మనుషులు దొరకనప్పుడు అని మీ సెక్రటరీ గారు అన్నారట. ఒంగోలు ఎప్పుడైనా వెళ్తే అక్కడి ప్రార్థన కొండ ఎక్కించండి ఆయన్ని. 1854 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూవెట్ దొర, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. అప్పటికి అమెరికాలో ఈ తెలుగు మిషన్ని మూసేద్దామన్న మాటలు నడుస్తున్నాయి. వాళ్లడిగిన ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది. 1876 నుంచి 78 దాకా కరువొచ్చినప్పుడు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకి పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించిన మనిషి ఆయనే. కొండెక్కిన ఆ ముగ్గురు తెలుగువాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, జూలియా, రూతు. వాళ్ల పేర్లు ఇవాళ నేను చెప్పగలుగుతున్నానంటే అప్పుడు ఎవరో రాసిపెట్టబట్టే. మీ రిజిస్టర్లో మీ 18 మంది పేర్లూ, ఏ ఏడాది ఎవరు ఏం చేశారో, అలాగే రాసి పెట్టండి. పై చదువులకో ఉద్యోగానికో ఉత్తరం కావాలంటే కూడా పనికొస్తుంది. "మా సంఘంలో సేవ చేశాడు" అని ఒక్క లైను రాయడం వేరు, "రెండేళ్లు, వారానికి నాలుగు రోజులు, 30 మంది పిల్లలకి లెక్కలు చెప్పాడు" అని రాయడం వేరు.

మెమెంటోలు ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఇవ్వండి, పేరు తప్పు లేకుండా రాయించండి, అంతే.

చివరగా ఆ మానేసిన ఆరుగురు. మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది వాళ్ల సంగతే. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు ప్రభువా అన్నప్పుడు దేవదూత వచ్చి ఆయనకి ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చాడు. పౌలుతో పనిచేసిన ఎపఫ్రొదితు సేవలో చావు దాకా వెళ్లొస్తే పౌలు అతన్ని ఇంకా పని చేయమని ఆపుకోలేదు, ఇంటికి పంపించాడు. పంపిస్తూ, ఇలాంటివాళ్లని ఘనపరచండని ఫిలిప్పీ సంఘానికి రాశాడు. అలసిపోయి ఇంటికి వెళ్లిన మనిషికి దక్కిన గౌరవం అది.

కాబట్టి ఒక్కొక్కరి ఇంటికి వెళ్లండి. ఇద్దరే వెళ్లండి, గుంపుగా వెళ్తే పంచాయితీలా ఉంటుంది. అమ్మాయిల ఇళ్లకైతే పాస్టరమ్మ గారినో ఒక అక్కనో తీసుకెళ్లండి. "ఎందుకు మానేశావు" అని అడగొద్దు, "మళ్లీ ఎప్పుడొస్తావు" అని అసలే అడగొద్దు. ఇన్నేళ్లలో వాళ్లు చేసినవాటిలో మీకు గుర్తున్న ఒక పని చెప్పండి. మావల్ల ఇబ్బంది కలిగుంటే క్షమించమనండి. వాళ్లు మాట్లాడితే వినండి. టీ ఇస్తే తాగండి. వాళ్లు ఒప్పుకుంటే రెండు నిమిషాలు ప్రార్థించి లేవండి. పండ్లు తీసుకెళ్తే మంచిది. కొత్త టీమ్ లిస్టు మాత్రం జేబులో పెట్టుకుని వెళ్లకండి.

నేను ఆ బిర్యానీ రోజు పిల్ల ఇంటికి రెండేళ్లు ఆలస్యంగా వెళ్లాను. తలుపు తీసి, "అక్కా, లోపలికి రండి" అంది. ఆ పరీక్ష ఎలా రాశావని అప్పుడడిగాను.